మూడో వద్దు

హైదరాబాదులో రాజోపచార ప్యాలెస్ అని ఒక పెద్ద హోటలుంది. గుమ్మంలో నిలబడి చూస్తే పైకప్పుకి వేలాడే దీపాల గుత్తి నేల మీది పాలరాతిలో కూడా వెలుగుతూ కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ నేల చూసి చెప్పులు విడవాలేమోనని ఒక్క క్షణం ఆగుతారు. అలా ఆగేవాళ్ళ కోసమే అక్కడొక మనిషిని పెట్టారు. "విడవనక్కర్లేదండి" అనడమే ఆయన ఉద్యోగం.

అంత మర్యాద తెలిసిన హోటలుకి ఒకసారి తీరని అప్రదిష్ట వచ్చింది. బాగా పలుకుబడి ఉన్న పెద్దమనిషి ఒకాయన అక్కడ దిగాడు. కాఫీ తెమ్మంటారా అని అడిగితే వద్దన్నాడు. వాళ్ళు తేలేదు. టిఫిను తెమ్మంటారా అంటే వద్దన్నాడు. అదీ తేలేదు. భోజనం మాటెత్తితే "ఇప్పుడెందుకులెండి" అన్నాడు. సరేనని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు. ఆయన ఇంటికి వెళ్ళి, అంత పెద్ద హోటల్లో తనని పస్తు పడుకోబెట్టారని కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు.

హోటలు యజమాని ఆ మాట విని రెండు రోజులు ఎవరికీ మొహం చూపించలేదు. తరవాత ఒక ఆతిథ్య శాస్త్రవేత్తను పిలిపించాడు. ఆ శాస్త్రవేత్త పెళ్ళి బంతుల్లోనూ పెద్దకర్మ భోజనాల్లోనూ ఆరు నెలల పాటు కూర్చుని తిని, పరిశోధన చేసి, ఒక సిద్ధాంతం తేల్చాడు. తెలుగువాడు అనే మొదటి వద్దు మర్యాద. రెండో వద్దు మొహమాటం. మూడోది మాత్రమే వద్దు. కనుక మొదటి రెండు వద్దుల్నీ వద్దులుగా లెక్కలోకి తీసుకోరాదు. ప్రతి వద్దుకీ జవాబుగా ఇంకొంచెం ఎక్కువ వడ్డించాలి.

యజమానికి కళ్ళు చెమర్చాయి. ఆ రోజు నుంచి హోటల్లో మూడు వద్దుల విధానం అమల్లోకి వచ్చింది. గదులు ఊడ్చేవాళ్ళకి, వడ్డించేవాళ్ళకి, కార్లు పెట్టేవాళ్ళకి బతిమాలడంలో శిక్షణ ఇచ్చారు. అందరి చొక్కాలకీ "కొసరడం మా ధర్మం" అనే ఇత్తడి బిళ్ళలు తగిలించారు. అతిథి అన్నది ఎన్నో వద్దో, అది నిజమైన వద్దో కాదో తేల్చడానికి మొహమాట నిర్ధారణ విభాగం అని కొత్తగా పెట్టారు. దానికి పరాంకుశంగారు అధికారి. అంతకుముందు ఆయన అదే హోటల్లో బట్టలుతికే విభాగం చూసేవారు. గుడ్డ చూసి దాని మీద పడింది కూరో చారో చెప్పగలిగిన మనిషి మొహం చూసి మొహమాటం చెప్పలేరా అని యజమాని నమ్మకం.

ఈ సంగతేమీ తెలియకుండా పేరిందేవి ఒక గురువారం మధ్యాహ్నం ఆ హోటల్లో అడుగు పెట్టింది.

పేరిందేవిది మండపేట. అక్కడ బజారులో ఆమెకీ మొగుడికీ స్టీలు సామాన్ల కొట్టుంది. బేరం కుదరక కొనేవాళ్ళు "వద్దులెండి" అని మెట్లు దిగితే, ఆ బజారులో ఏ కొట్టువాడైనా "రండమ్మా రండి, ఎంతకిమ్మంటారో మీరే చెప్పండి" అని వెనక్కి పిలుస్తాడు. పేరిందేవి పిలవదు. వద్దన్నారు కదా అని గిన్నె తుడిచి బల్ల మీద దాని చోట్లో పెట్టేస్తుంది. ఇలాగైతే కొట్టు మూసుకోవాలని మొగుడు మొదట్లో పోట్లాడి, ఆనక అలవాటు పడిపోయాడు.

ఆమె వెంట వచ్చింది చెల్లెలి కూతురు సువర్చల. ఆ పిల్ల రాజమండ్రిలో రక్త పరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఆ పిల్లకి సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు పేరు సుధన్వ, హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం. అతని తల్లి వైదేహిగారు ఏది చేసినా ఘనంగా చెయ్యాలనే మనిషి. అందుకని తాంబూలాలు పుచ్చుకోవడం రాజోపచార ప్యాలెస్‌లో పెట్టించి, ఆడపిల్లవాళ్ళకి కూడా ముందురోజు నుంచే గది తీసి ఉంచారు. సువర్చల తండ్రికి కంటి ఆపరేషను అయింది, తల్లి ఆయన్ని వదిలి కదలలేదు. పెద్దదిక్కుగా పెద్దమ్మ బయల్దేరింది.

రైలు ఏలూరు దాటాక పేరిందేవి పులిహోర పొట్లం విప్పుతుంటే సువర్చల మెల్లిగా అంది.

"పెద్దమ్మా, నాకీ సంబంధం వద్దు."

పేరిందేవి పొట్లం మళ్ళీ మూసి, ఎందుకని అడిగింది. అబ్బాయి చెడ్డవాడేం కాదంది సువర్చల. ఫోను చేసి గంటసేపు మాట్లాడతాడు. అడిగేదీ అతనే, జవాబు చెప్పేదీ అతనే. నీకు ఏ కూర ఇష్టం అని అడుగుతాడు. ఈ పిల్ల నోరు తెరిచేలోపు "గుత్తొంకాయే కదూ, నాకు తెలుసు" అంటాడు.

"నాకు వంకాయ పడదు కదా పెద్దమ్మా. తింటే ఒళ్ళంతా దురదలు. ఆ మాటా చెప్పాను. అలవాటైపోతుందిలే అన్నాడు."

"మీ నాన్నకి చెప్పావా?"

"చెప్పాను. సిగ్గుపడుతోందని అమ్మతో అన్నారు."

"మరి మీ అమ్మ?"

"నేనూ అప్పట్లో ఇలాగే అన్నాను, ఏవైందిప్పుడు అంది."

పేరిందేవి పొట్లం మళ్ళీ విప్పింది. "సరే తిను. నేను చెప్తాను వాళ్ళకి. మీ నాన్నకి కూడా నేనే సమాధానం చెప్పుకుంటాను. వద్దని చెప్పడానికి ఎంతసేపే" అంది. ఆమెకి అదేమంత పెద్ద పనిలా అనిపించలేదు.

హోటలు మెట్లెక్కగానే కొబ్బరినీళ్ళిచ్చారు. పేరిందేవికి దాహం లేదు, వద్దంది. రెండు గ్లాసులు తెచ్చారు. ఆమె మళ్ళీ వద్దంటే కొబ్బరినీళ్ళతో పాటు బాదంపాలు కూడా వచ్చాయి. ఇంకోసారి అంటే ఏం వస్తుందోనని ఆమె చేతికందినదేదో తాగేసింది. అక్కడున్నవాళ్ళంతా తృప్తిగా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

గదిలో చలి ఎముకలు కొరికేస్తోంది. గది పని చూసే స్వరూప అనే అమ్మాయితో పేరిందేవి ఏసీ వద్దమ్మా అంది. స్వరూప వినయంగా దాన్ని ఇంకాస్త పెంచింది. వద్దమ్మా తల్లీ అంటే మరికాస్త పెంచింది. మూడోసారి పేరిందేవి శాలువా నెత్తి మీదుగా కప్పుకుని పళ్ళు టకటకలాడుతుండగా వద్దంటే, అప్పుడు కట్టేసింది.

"నాకు తెల్సు మేడం, మీకు చలి పెడ్తున్నదని," అంది స్వరూప. "గని రెండో ఒద్దుకే బంద్ జేస్తే నన్ను బతిమాలుడు రాదని బయటికి పంపుతరు. జర ఏమనుకోకున్రి."

పేరిందేవి ఏమీ అనుకోలేదు. ఆ పిల్ల ఉద్యోగం ఆ పిల్లది.

అసలు చిక్కు తువ్వాలు దగ్గర వచ్చింది. గదిలో ముందే అన్నీ పెట్టేస్తే ఇక కొసరడానికి ఏముంటుందని ఆ హోటల్లో తువ్వాళ్ళు పెట్టడం మానేశారు. ఆ సంగతి సువర్చలకి నెత్తి మీద నీళ్ళు పోసుకున్నాక గాని తెలియలేదు. తలుపు సందులోంచి, తువ్వాలు కావాలని స్వరూపని అడిగింది.

స్వరూప నీరుగారిపోయింది. "గట్లెట్ల మేడం? కావాలె అని మీరే అడిగితే నేనేం జెయ్యాలె? మా దాంట్ల కావాలె అనేదే లేదు" అని, మొహమాట నిర్ధారణ విభాగానికి ఫోను చేసింది. అవతలి నుంచి పరాంకుశంగారు స్వయంగా మాట్లాడారు. మర్యాదస్తులైన అతిథులు ఏదీ నేరుగా అడగరనీ, కావాలి అనే మాటకి విధానంలో చోటు కల్పించలేదనీ, ఇలా అడిగిన వ్యక్తి నిజంగా అతిథేనా లేక దారి తప్పి లోపలికి వచ్చినవారా అనే కోణంలో విచారణ జరిపిస్తామనీ, అంతవరకు తడిగా ఉండవలసిందిగా మనవి అనీ చెప్పారు.

పేరిందేవి ఫోను వంకా, మూసి ఉన్న స్నానాల గది తలుపు వంకా చూసింది. కొట్లో లెక్క చూసుకున్నట్టే ఇందాకటి వద్దుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"అమ్మాయ్, మాకు తువ్వాళ్ళు వద్దు" అంది.

స్వరూప మొహం వికసించింది. "అట్లంటే ఎట్ల మేడం" అంటూ పరుగెత్తి ఒక తువ్వాలు తెచ్చింది.

"అస్సలొద్దు" అంది పేరిందేవి.

చంకల నిండా తెచ్చింది. ఆ తరవాత కూడా, ఆ వద్దు మూడోదాకా రాలేదు కనుక, తువ్వాళ్ళు వస్తూనే ఉన్నాయి.

సాయంత్రం కింద భోజనాల హాల్లో కాబోయే వియ్యాలవారు కలిశారు. వైదేహిగారు, ఆమె భర్త, సుధన్వ. వైదేహిగారి భర్త తల ఊపే మనిషి. ఎవరేం చెప్పినా చెప్పినవాళ్ళ వైపు తిరిగి ఊపుతాడు.

పక్క బల్ల దగ్గర షుగరు జబ్బున్న పెద్దాయన ఒకరు పూతరేకులు వద్దంటున్నారు. అప్పటికి ఆయన పళ్ళెంలో నాలుగున్నాయి. ఆయన ఆ హోటలుకి పాత కాపు. అందుకని తెలివిగా "వద్దువద్దువద్దు" అని మూడూ ఒక్క ఊపిరిలో అనేశారు. వడ్డించేవాడు చెయ్యి వెనక్కి తీసుకోబోతుంటే పరాంకుశంగారు ఎక్కడి నుంచో వచ్చి అడ్డుపడ్డారు. తెల్లటి కోటు, చేతికి తెల్లటి తొడుగులు, మాట నెమ్మది.

"క్షమించాలి. మొన్నటి సవరణ ప్రకారం వద్దుకీ వద్దుకీ మధ్య కనీసం ఒక బతిమాలింపు ఉండి తీరాలి. తమరు పలికినది మూడు వద్దులు కావు. ఒకే ఒక్క పొడుగాటి వద్దు."

పెద్దాయన నీరసంగా నవ్వారు. ఆ నవ్వు చూసి, అయ్యగారికి లోపల తినాలనే ఉందని పరాంకుశంగారు నిర్ధారించారు. తరవాత డాక్టరు వచ్చి ఇంజెక్షను చెయ్యమంటారా అని అడిగాడు. పెద్దాయన ఆశగా, "వద్దండి" అన్నారు. ఇంజెక్షను అయిపోయింది.

వైదేహిగారు ఇదంతా మురిపెంగా చూశారు. ఇలాంటి పద్ధతులు ఇప్పుడెక్కడున్నాయని, అందుకే ఏరి కోరి ఈ హోటల్లో పెట్టించానని అన్నారు. ఆ మాట మీద ఆమెకి తన పెళ్ళి గుర్తొచ్చింది.

"నన్ను చూసుకెళ్ళాక మూడు నెలలు వద్దంటూనే ఉన్నానండీ నేను. మా అత్తగారు పోయేదాకా అదే చెప్పుకునేవారు. అడగ్గానే సరేనన్న పిల్లయితే గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదు అని. ఆడపిల్లన్నాక ఆ మాత్రం ఉండాలి."

భర్త తల ఊపాడు.

రేపటిదాకా ఎందుకని పేరిందేవికి తోచింది. చెయ్యి తుడుచుకుని, ఉన్నమాట చెప్పేసింది. "ఏవీ అనుకోకండి వైదేహిగారూ. మా పిల్లకి ఈ సంబంధం వద్దటండి. పొద్దున్న తాంబూలాల దాకా రానిచ్చి చెప్పడం బాగుండదని ఇప్పుడే చెప్తున్నాను."

వైదేహిగారి మొహం సంతోషంతో వెలిగిపోయింది. పెంపకం అంటే ఇదీ అన్నట్టు భర్త వైపు చూశారు. అప్పటికే పరాంకుశంగారు వాళ్ళ బల్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. పెళ్ళి మాటలకి కూడా హోటలు తరఫున సేవ ఉందట.

"మొదటిది. మర్యాద" అని ఆయన ప్రకటించారు.

ఈసారి సువర్చల తనే చెప్పింది. "పెద్దమ్మ చెప్పింది నిజవేనండి. నాకు వద్దండి."

"రెండోది. మొహమాటం."

"తను చాలా రిజర్వుడు మమ్మీ, నాకు తెలుసు" అన్నాడు సుధన్వ. సువర్చల వైపు తిరిగి, "కదూ?" అని, తనే "అవును" అన్నాడు. ఆ పిల్ల పళ్ళెంలో గుత్తొంకాయ కూర తన చేత్తోనే వడ్డించాడు.

సువర్చల ఆ వంకాయని చూస్తూ తల వంచుకుని, "వద్దు" అంది. గొంతు సరిగా పలకలేదు.

పరాంకుశంగారు బల్ల మీది దీపం దగ్గరికి జరిపి ఆమె మొహాన్ని చాలాసేపు పరిశీలించారు. మరక ఎంత లోతుకి దిగిందో చూస్తున్నట్టు చూశారు. "తల వంచుట, గొంతు జీరబోవుట, కంట తడి. ఇది సిగ్గు" అన్నారు.

"మూడు అయిపోయాయి కదండీ బాబూ," అంది పేరిందేవి. "మీ లెక్కేగా ఇది. పూతరేక్కి మూడైతే, పిల్లకి కూడా మూడేగా."

"అమ్మా, తమరి పరిశీలన సమంజసమైనదే" అన్నారు పరాంకుశంగారు, ఎంతో గౌరవంగా. "కాని మూడు వద్దుల నియమం తినుబండారాలకి, పానీయాలకి, పరుపు దుప్పట్లకి మాత్రమే వర్తిస్తుంది. వధువుల విషయంలో శాస్త్రవేత్తగారు ప్రత్యేకంగా సూచన చేశారు. వధువు పలికే వద్దులకి సంఖ్యాపరిమితి లేదు. ఎన్ని పలికితే అంత శోభ. ఇదే హోటల్లో ఒక వధువు మంగళసూత్రం పడేదాకా ఆపకుండా పలికింది. అది ఇప్పటికీ మా సంస్థ గర్వించే వివాహం."

భోజనాలు ముగించి పైకి వచ్చాక సువర్చల చెప్పులు కూడా విడవలేదు. వెళ్ళిపోదాం పెద్దమ్మా అంది. పేరిందేవి సంచీ సర్దింది. ఇద్దరూ కిందకి దిగి గుమ్మం దాకా వచ్చారు. వెళ్ళొస్తామండి అని పేరిందేవి చెప్పింది. అప్పుడే ఏం తొందరండీ అని సంచీ అందుకున్నారు. పనుందండి, వెళ్ళాలి అంటే, ఇంకో ఇద్దరు వచ్చి పళ్ళ బుట్ట ఒకటి చేతిలో పెట్టి, లిఫ్టు దాకా సాగనంపారు. మూడోసారి వెళ్ళబోతుంటే పరాంకుశంగారు వచ్చి, ఇందాకటి నుంచి తమరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారనీ, వెళ్ళాలని మనసులో లేదనడానికి అదే గుర్తనీ వివరించారు. సంచీ కోసం చూశామండి అని పేరిందేవి చెప్పినా, ఆ మాటకి విధానంలో చోటు లేదు.

గదిలో మంచం కనపడడం లేదు. దాని నిండా తువ్వాళ్ళు. స్వరూప ఇంకా తెస్తూనే ఉంది. సువర్చల వాటిని పక్కకి తోసి ఆ సందులో కూర్చుంది.

"రేపు నేను ఏమన్నా ఎవరికీ వినపడదు పెద్దమ్మా. అరిచినా వినపడదు."

పేరిందేవి ఆ తువ్వాళ్ళ గుట్ట వైపే చూస్తోంది. ఒక తువ్వాలు తీసి మడత పెట్టింది. ఇంకోటి తీసింది. మూడోది చేతిలో ఉండగా ఆగింది.

"పొద్దున్న నిన్ను అడిగినప్పుడు, కావాలను."

సువర్చల తలెత్తి పెద్దమ్మ మొహం చూసింది. "ఏవంటున్నావ్? వాళ్ళు సరేనంటే?"

"నువ్వు నీళ్ళోడుతూ తువ్వాలు కావాలంటే ఇచ్చారేంటే?"

సువర్చల గుట్టలోంచి ఒక తువ్వాలు లాగి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆవిడ మాట విన్నావు కదా. అడగ్గానే సరేనన్న పిల్లయితే గుమ్మం తొక్కనివ్వరట. కావాలను. ఒక్కటే కాదు, ఏవేం కావాలో అన్నీ అడుగు. అబద్ధం ఒక్కటీ ఆడక్కర్లేదు, ఆ మొదటిది తప్ప."

"అయినా సరేనన్నారనుకో?"

పేరిందేవి తువ్వాలు మడత పూర్తి చేసింది. "అన్నారనుకో, వినే మనుషులు దొరికినట్టే. అప్పుడు వద్దని చెప్పొచ్చు. వింటారు."

ఆ పిల్లకి నవ్వు వచ్చింది. హైదరాబాదు వచ్చాక అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్న పదింటికి తాంబూలాల మందిరంలో అందరూ చేరారు. వెండి పళ్ళేలు, పళ్ళు, పూలు. సన్నాయి మేళం ఒక మూల సిద్ధంగా కూర్చుంది. పెళ్ళికూతురు వద్దనగానే అందుకోవాలని వాళ్ళకి ముందే చెప్పి ఉంచారు. పరాంకుశంగారు కొత్త తొడుగులు వేసుకున్నారు. వైదేహిగారు పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని, అందరికీ వినపడేలా ముద్దుగా అడిగారు.

"ఏమ్మా, మా అబ్బాయి నచ్చాడా? చేసుకుంటావా?"

సువర్చల తలెత్తింది. వైదేహిగారి కళ్ళలోకి చూసింది.

"కావాలండి" అంది.

సన్నాయి ఊదబోయినాయన బుగ్గల నిండా గాలి పట్టుకుని ఉండిపోయాడు. వైదేహిగారి నవ్వు మొహం మీదే ఆగింది. సరిగా వినలేదేమోనని మళ్ళీ అడిగారు. సువర్చల మళ్ళీ అదే చెప్పింది. ఇంకా చాలా చెప్పింది. పెళ్ళి ఈ నెలలోనే కావాలంది. పెళ్ళయ్యాక తన ఉద్యోగం తనకి కావాలంది. జీతం తన చేతిలో ఉండడం కావాలంది. వంకాయ లేని వంట కావాలంది. చెప్తూ ఉంటే ఆమె గొంతు సర్దుకుంది. వేరే ఇల్లు కాదు, ఉన్న ఇంట్లోనే తలుపేసుకోవడానికి ఒక గది కావాలంది. చివరికి, ఇందాకటి కంటే నెమ్మదిగా, "నేను మాట్లాడుతుంటే వినే మనిషి కావాలి" అంది. ఆ మాట దగ్గర పేరిందేవి కూడా కొంచెం పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

"తనకి అవేం అక్కర్లేదు మమ్మీ, ఊరికే అంటోంది. నాకు తెలుసు" అన్నాడు సుధన్వ. సువర్చల వైపు తిరిగాడు. "కదూ?"

"కాదండి" అంది సువర్చల.

సుధన్వ నోరు తెరిచి మూశాడు. అక్కడి నుంచి ఏమనాలో అతనికి తెలియదు.

అందరూ పరాంకుశంగారి వైపు చూశారు. ఆయన సువర్చల మొహాన్ని ఒక వైపు నుంచి చూశారు, రెండో వైపు నుంచి చూశారు. తల వంచలేదు, గొంతు జీరబోలేదు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. కావాలి అనే మాటకి విధానంలో ఏర్పాటు లేదని మెల్లిగా అన్నారు, ఎవరితోనూ కాకుండా.

వైదేహిగారు లేచి నిలబడ్డారు. "అడగ్గానే కావాలంటుందా ఆడపిల్ల? పైగా ఇన్ని కావాలా? ఇంత జంకూ గొంకూ లేని పిల్ల మాకొద్దండీ."

పరాంకుశంగారికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. చెమట తుడుచుకుని, నిటారుగా నిలబడి, "మొదటిది. మర్యాద" అని ప్రకటించారు. పేరిందేవి వైపు తిరిగి చేతులు జోడించారు. "అమ్మా, మగపెళ్ళివారు మర్యాద పలికారు. ఇక తమరు బతిమాలవలసిన ఘట్టం."

మందిరమంతా పేరిందేవి వైపు చూసింది. వైదేహిగారు మొహం పక్కకి తిప్పుకున్నారు కానీ చెవి ఇటే ఉంది. సన్నాయి ఆయన మళ్ళీ గాలి పీల్చుకున్నాడు. తల ఊపే భర్త ఊపడానికి సిద్ధంగా ఉన్నాడు.

పేరిందేవి తను తెచ్చిన పళ్ళూ ఆకులూ పళ్ళెంలోంచి తీసి, తడి తుడిచి, ఒకటొకటిగా సంచీలో పెట్టుకుంది.

"ఎందుకండీ. వద్దన్నారు కదా" అంది.

"అది మొదటిదమ్మా," అన్నారు పరాంకుశంగారు కంగారుగా. "దాన్ని వద్దుగా తీసుకోరాదు."

"మేం తీసుకుంటామండి. మా ఊళ్ళో మా కొట్లో ఒకసారి అంటే సరిపోద్ది" అని, వైదేహిగారికి దణ్ణం పెట్టింది. "మీ మాటే మాటండి. లేవే అమ్మాయ్."

వైదేహిగారు నిర్ఘాంతపోయి చూశారు. తను అన్న వద్దుని ఎవరైనా అంత తేలిగ్గా ఒప్పేసుకోవడం ఆమెకి జీవితంలో అదే మొదలు. కోపం పట్టలేక, "వెళ్ళనివ్వండి, మాకు వద్దే వద్దు" అన్నారు. అది రెండోది. మొహమాటం. ఆడపెళ్ళివారు బతిమాలకపోతే ఆ బాధ్యత సంస్థదేనని పరాంకుశంగారు సైగ చేశారు. హోటలు సిబ్బంది అందరూ వైదేహిగారి చుట్టూ చేరి, అలా అనకండి మేడం, ఇంకొంచెం ఆలోచించండి మేడం అని తాంబూలాల పళ్ళేలు మీద మీదకి తేవడం మొదలుపెట్టారు. ఆమె మూడోసారి అరిచి చెప్పారు. కానీ ఎర్రబడ్డ ఆ మొహంలో ఎక్కడో ఆశ మిగిలి ఉన్నట్టు పరాంకుశంగారికి అనుమానం వచ్చింది. దీపం తెప్పించారు.

ఆ సందట్లో పెద్దమ్మా కూతురూ గుమ్మం దాకా వచ్చేశారు. అక్కడ నిలబడ్డ మనిషి సంచీ అందుకోవడానికి వంగాడు.

"మాకు ఆటో వద్దు బాబూ" అంది పేరిందేవి.

"అట్లంటే ఎట్లమ్మా" అని అతను సంచీ వదిలి రోడ్డు మీదకి పరుగెత్తాడు. ఆటో వచ్చింది.

"అస్సలొద్దు."

ఇద్దర్నీ ఎక్కించి, సంచీ కాళ్ళ దగ్గర సర్ది, తొందరగా పొమ్మని ఆటోవాడిని బతిమాలాడు. స్వరూప పై అంతస్తు కిటికీలోంచి చెయ్యి ఊపింది. రెండో చేతిలో తువ్వాలుంది.

సికింద్రాబాదు స్టేషన్లో రైలుకి ఇంకా టైముంది. ప్లాట్‌ఫారం మీద ఒకావిడ టీ అమ్ముతోంది. చక్కెర ఎయ్యాల్నా అని సువర్చలని అడిగింది. సువర్చల వద్దంది. అని, అలవాటుగా రెండోసారి అనడానికి చెయ్యి అడ్డం పెట్టింది. టీ ఆవిడ ఆ చేతిలోనే గ్లాసు పెట్టి, పక్కనున్నవాళ్ళని అడగడానికి వెళ్ళిపోయింది.

సువర్చల ఒక గుక్క తాగి చూసింది. నిజంగానే చక్కెర లేదు. చేదుగా ఉన్న ఆ టీని చివరిదాకా తాగింది.

పేరిందేవి రెండు బన్నులు కొంది. "తినవే, పొద్దున్నించి ఏం తినలేదు" అంది.

"ఆకల్లేదు పెద్దమ్మా. వద్దు."

"వద్దంటే ఎలాగే, ఒక్క ముక్క..." అని బన్ను ఆ పిల్ల నోటి దాకా తీసుకెళ్ళింది పేరిందేవి. అక్కడ ఆ చెయ్యి ఆగింది. ఆ బన్నుని కాగితంలో చుట్టి సంచీలో పెట్టేసింది.

రైలు కదిలింది. ఊరు వెనకబడ్డాక, పొలాలు మొదలయ్యాక, కిటికీలోంచి చూస్తున్న సువర్చల ఇటు తిరిగింది.

"పెద్దమ్మా, ఆ బన్ను ఉందా?"

"కావాలా?"

"కావాలి" అంది సువర్చల.

పేరిందేవి తీసి ఇచ్చింది.